మెట్ట సముద్రంలో నీటి లంకలు

ఉత్తరపు చలిదేశాల నుంచి వస్తున్న గార్గనీ బాతుల గుంపు ఏ అర్ధరాత్రో దక్కను మీదికి చేరుతుంది. కింద రాతిగుట్టలు, ఎర్రచెలకలు, పత్తి చేలు, నిద్రపోయే ఊళ్లు. ఆ రెక్కలకు ఇదంతా దాటాల్సిన సముద్రం, నీళ్లు లేని సముద్రం. అంతలో ఎక్కడో అడుగున ఒక తళుకు, ఇంకాస్త ముందు మరొకటి. మనకు నీళ్ల నడుమ నేల దీవి. ఆ బాతుకు నేల నడుమ నీళ్లు దీవి. రెక్కలు వెనక్కి వంచి, కాళ్లు ముందుకు చాచి అది వచ్చి వాలేది చెరువు మీద.

వాలండి తల్లులారా, దిగండి. ఎనిమిది వందల ఏళ్ల కిందటే ఇక్కడ కట్టలు పోసి ఉంచారు.

ఈ పాట ఆ లంకలది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి చెరువులది, వాగులది, గోదారి ఇసుకది. వాటి మీద వాలే పిట్టలది, వాలకుండా పైనుంచే పోయే పిట్టలది, ఒకప్పుడు వాలి మళ్లీ కనిపించని పిట్టది కూడా. ఈ మూడూ జిల్లాలుగా పుట్టింది 2016 అక్టోబర్ 11న. ఆ రోజు దసరా. జమ్మికి మొక్కి, ఊరి పొలిమేర దాటి, పాలపిట్ట కోసం జనం తలలెత్తి చూసే రోజు. పిట్ట కనిపిస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని నమ్మే నేలకు అంతకంటే తగిన పుట్టినరోజు ఏ గెజిటూ రాసి ఉండదు.

ఇక్కడి చెరువు తనంత తాను పుట్టింది కాదు. రెండు గుట్టల నడుమ వాగు పారే చోట మట్టికట్ట అడ్డం వేశారు. పొలానికి తూము పెట్టారు. పొంగితే పోవడానికి మత్తడి కట్టారు. మత్తడి దుంకిన నీళ్లు పట్టడానికి కింద ఇంకో చెరువు, దాని కింద మరొకటి, గొలుసుగా దించుకుంటూ పోయారు. బయ్యారంలో కాకతి గణపతిదేవుడి సోదరి మైలాంబ కట్టించిన చెరువు పేరు ధర్మకీర్తి సముద్రం. కాకతీయుల వంశక్రమం చెప్పే శాసనాల్లో ముఖ్యమైనది ఆ చెరువు దగ్గరిదే. భూపాలపల్లి జిల్లా ఘనపురంలో కోటగుళ్లకు తోడుగా గణపసముద్రం. ఆ రాజకుటుంబానికి చెరువులన్నీ సముద్రాలే. పుణ్యం కోసం కట్టారు, పంట కోసం కట్టారు, పేరు కోసమూ కట్టారు. ఖండాలు దాటి వచ్చే రెక్కలకు సత్రాలు కడుతున్నామని అనుకుని ఉండరు. కానీ కట్టారు, సత్రాలు నిలిచాయి.

నిండిన చెరువును అందరూ పాడారు. మత్తడి దుంకుతుంటే ఊరంతా కట్టెక్కి చూస్తుంది. తంగేడు, గునుగు తలకెత్తుకుని బతుకమ్మ ఆ నీళ్లలోకే దిగుతుంది. నేను పాడేది తగ్గుతున్న చెరువును. సంక్రాంతి దాటాక నీళ్లు జానెడు జానెడు వెనక్కి జరుగుతుంటే చెరువు అడుగు నేల, శిఖం, బయటపడుతుంది. ఒక మోకాలి లోతు, ఒక చీలమండ లోతు, ఆపైన ఉత్త బురద. పిట్టల తిండంతా ఆ వెడల్పులేని అంచులోనే ఉంది. మోకాలి లోతులో ఎర్రకాళ్ల కొంగలు ముక్కు సగం తెరిచి నీళ్లను కలుపుతూ నడుస్తాయి. చీలమండ లోతులో సన్నకాళ్ల పిట్టలు అడుగు తీసి అడుగు వేస్తాయి. బురదలో ఉల్లంకి కళ్ల దాకా ముక్కు గుచ్చి, కంటికి కనిపించని పురుగును ముక్కు కొసతోనే తాకి పట్టుకుంటుంది. కాలి పొడవును బట్టి, ముక్కు పొడవును బట్టి ఎవరి లోతు వాళ్లది. ఊళ్లో శిఖం భూమి మీద ఉన్నన్ని తగాదాలు అక్కడ లేవు.

గుల్లకొంగా, నీకు దండం. నీ ముక్కు పూర్తిగా మూసుకోదు, రెండు దవడల మధ్య సందు కనిపిస్తుంది. చూసినవాళ్లు లోపమనుకుంటారు. కరిగెట దున్నుతున్న ట్రాక్టర్ వెనకే నడుస్తూ నువ్వు నత్తను ఎత్తి, గుల్ల పగలకుండానే లోపలి కండను లాగి మింగే తీరు చూశాక ఆ మాట ఎవరూ అనరు. వరి పిలకలు కొరికే నత్తల్ని కూలీ అడగకుండా ఏరిపెట్టే నిన్ను రైతు తరమడు. ట్రాక్టర్ డ్రైవర్ కూడా నిన్ను చూసి హారన్ కొట్టడు.

తామరాకుల మీద నడిచే జకానా, నీకు ఇంకో దండం. నీ వేళ్లు నీ ఒంటికి పట్టనంత పొడవు, అందుకే ఆకు మునగదు. వానకాలంలో నీకు పొడుగాటి నల్లతోక మొలుస్తుంది, మెడ వెనక బంగారు పూత పడుతుంది. నీ ఇంటి పద్ధతి వింటే ఇక్కడి పెద్దమనుషులు నవ్వుతారో, ఆలోచనలో పడతారో! ఆడది నాలుగు గుడ్లు పెట్టి, వాటిని మగవాడికి అప్పజెప్పి, మరో మగవాడి ఆకుల వైపు వెళ్లిపోతుంది. పొదిగేది తండ్రి. పిల్లలకు ఆకుల మీద నడక నేర్పేది తండ్రి. గద్ద నీడ పడితే పిల్లల్ని రెక్కల కింద దాచేదీ తండ్రే. వరిమడి గట్టున దాక్కునే రంగుల ఉల్లంకి ఇంట్లోనూ ఇదే ఏర్పాటు. అక్కడ రంగులన్నీ ఆడదానివే, మగవాడిది మట్టిరంగు.

ఇక్కడొక మాట అనక తప్పదు. 2015లో మిషన్ కాకతీయ మొదలై తెలంగాణ అంతటా చెరువుల పూడిక తీశారు. దేవాదుల పథకం గోదావరిని గంగారం దగ్గర ఎత్తి, భీంఘనపురం మీదుగా, ధర్మసాగర్ మీదుగా స్టేషన్ ఘనపూర్ దాకా తెచ్చింది. బోరు వేసి అప్పులపాలై, ముంబైకి, భివండికి వలసపోయిన పల్లెలకు ఆ నీళ్లు ఎంతటివో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే అంచులు నిటారుగా తవ్వి, ఎండాకాలమంతా నింపే ఉంచిన చెరువులో బురద అంచు ఉండదు. నీళ్లు నిండుగా ఉంటాయి, బాతు ఈదుతుంది, నీటికాకి మునుగుతుంది. ఉల్లంకి మాత్రం చుట్టూ ఒక తిప్పు తిరిగి వెళ్లిపోతుంది. కట్టకు ఎదురుగా ఉండే ఆ పల్లపు వైపునైనా వాలుగా వదిలేస్తే ఏ ఎకరం పంటా పోదు. పూడిక తీసే మిషన్ నడిపేవాడికి ఆ ఒక్క ముక్క చెప్పేవాళ్లు కావాలి, అంతే. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల్ని లెక్కపెడుతున్నారు. ఆ లెక్కకు మనిషిని పంపని చెరువుకు తనను వదిలిపోయింది ఎవరో కూడా తెలియదు.

చెరువు దిగి చెలకలోకి వస్తే జనగామ వేరే ముఖం చూపిస్తుంది. పడావు పడ్డ భూములు, గడ్డి, తుమ్మలు, రాతిబండలు. శీతాకాలం పొద్దున ఆ గడ్డి మీద నడుమెత్తున, రెక్కలు కొంచెం పైకి పట్టి, చప్పుడు లేకుండా ఈదేది పిల్లిగద్ద. కజకిస్తాన్ గడ్డిమైదానాల్లో గూడు కట్టి, ఇక్కడి మిడతల కోసం వస్తుంది. చెట్టెక్కి పడుకోదు. పొద్దు వాలగానే ఏ బీడులోనో గడ్డి మధ్య నేల మీదే గుంపుగా పడుకుంటుంది. పడావు అంటే రికార్డుల్లో పనికిరాని భూమి, పిల్లిగద్దకు పడకగది. జొన్నలు విరివిగా వేసిన రోజుల్లో అదే దేశాల నుంచి గులాబి గోరింకలు గంపలకొద్దీ కంకుల మీద దిగేవి, మంచె మీద పిల్లలు వడిసెల తిప్పి గొంతు చించుకునేవాళ్లు. జొన్న పోయి పత్తి వచ్చింది. పత్తి కాయను ఏ గోరింకా తినదు. శుకమహర్షి చెప్పిన కథను తెలుగు చేసిన పోతన ఊరు బమ్మెరలో మాత్రం రామచిలుకలకు ఇప్పటికీ కొదవ లేదు, మక్కచేను వేసినవాళ్లను అడిగి చూడండి.

పాలపిట్టా, నీ దగ్గర కాసేపు ఆగాలి. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు నువ్వు మట్టిరంగు పిట్టవి. ఎగిరితే చాలు, రెక్కల్లోంచి రెండు నీలాలు ఒక్కసారి విచ్చుకుంటాయి. వేసవి మొదట్లో ఆడపిట్ట కోసం ఆకాశంలోకి నిటారుగా ఎక్కి, పల్టీలు కొడుతూ, అరుస్తూ జారిపడతావు. తెలంగాణ వచ్చాక కూడా రాష్ట్రపక్షివి నువ్వే. అయినా 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక నీ సంఖ్య తగ్గుతోందని చెప్పింది, నీ పరిస్థితిని ప్రపంచస్థాయిలో మళ్లీ అంచనా వేయాల్సిన పక్షుల వరసలో నిన్నూ చేర్చింది. దసరా ముందు నిన్ను వలవేసి పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి, చూపించి పైసలు అడిగేవాళ్లు ఉన్నారు. అది చట్టప్రకారం నేరం. దానికి మించి, పండుగకే అవమానం. నువ్వు తీగ మీద కనబడితేనే శకునం. పంజరంలో కనబడితే అది నీ దర్శనం కాదు, నీ గోస.

తూర్పుకు నడిస్తే మహబూబాబాద్. చెట్లు దగ్గరవుతాయి. గూడూరు వైపు భీమునిపాదం జలపాతం, ఆపైన పాకాల దాకా పరుచుకున్న అడవి. తొలకరికి ఈ అడవుల్లోకి పొన్నంకి పిట్ట వస్తుంది. పిడికిలంత ఒళ్లు, తోక లేనట్టే ఉంటుంది. ఆకుపచ్చ వీపు, నీలపు భుజం, పొట్ట కింద ఎర్రని మరక. అన్ని రంగులు పూసుకుని ఎండుటాకుల్లో దాక్కోవడం దానికే చెల్లింది. దాన్ని కంటికంటే ముందు చెవే పట్టుకుంటుంది: పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రెండు ముక్కల ఈల. పశువుల కాపరి తోటివాణ్ని పిలిచినట్టుంటుంది, మారుపలకబోయి నాలుక కరుచుకుంటాం.

బూడిదరంగు హార్న్‌బిల్ ఇల్లు ఇంకో వింత. ముసలి చెట్టు తొర్రలోకి ఆడది దూరి, తన మలంతోనే ద్వారం మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సన్న చీలిక మిగులుతుంది. వారాల తరబడి మగవాడు మర్రిపండ్లు, జువ్విపండ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తాడు. వాడు రాకపోతే లోపల తల్లీ పిల్లలకు ఆకలే. ఈ సంసారానికి కావాల్సింది పెద్ద తొర్ర, తొర్రకు కావాల్సింది పెద్ద చెట్టు. 2024 ఆగస్టు 31న పొరుగున ములుగు జిల్లాలో, తాడ్వాయి మేడారం మధ్య, ఒక్క గాలి వీచి 50 వేలకు పైగా చెట్లను వేళ్లతో సహా పడగొట్టింది. మర్నాటికి మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం దగ్గర వరద రైలుపట్టాల కింది మట్టినే ఊడ్చుకుపోయింది. పట్టాలు రోజుల్లో బాగయ్యాయి. తొర్రలకు ఇంకో వందేళ్లు పడుతుంది. ఆగస్టు నాటికి గూళ్లు ఖాళీ అయి ఉంటాయన్నదొక్కటే ఊరట.

వానలు వెనకపట్టాక ఈ చేల మీద గాలంతా తూనీగలు. నేల తాకకుండా, ఆగకుండా, ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకే వాలుగా పోతుంటాయి. ఎక్కడికి? మాల్దీవుల్లో ఉండే జీవశాస్త్రవేత్త చార్లెస్ ఆండర్సన్ 2009లో ఒక సమాధానం రాశాడు. మంచినీళ్లు అరుదైన ఆ పగడపు దీవుల్లోకి ఏటా అక్టోబర్‌లో లక్షల తూనీగలు దిగుతాయి. ఇండియాలో వానగుంటల్లో పుట్టి, గాలినెక్కి, మాల్దీవులు, సీషెల్స్ మీదుగా ఆఫ్రికా దాకా పోతాయని ఆయన అంచనా. మన జనగామ గుంటలో పుట్టిన తూనీగ వాటిలో లేదని ఎవరనగలరు? వాటి వెనకే, అదే గాలిలో, అముర్ డేగలు. సైబీరియా, చైనా అంచుల్లో పుట్టి, నాగాలాండ్‌లో ఆగి, దక్షిణాఫ్రికాకు పోయే చిన్న డేగలివి. 2012లో నాగాలాండ్ దోయాంగ్ జలాశయం దగ్గర వీటిని వేలకు వేలు వలల్లో చంపారు. మరుసటి ఏడు అదే ఊరివాళ్లు కాపలా కాశారు. మూడింటికి ఉపగ్రహ యంత్రాలు కట్టి వదిలితే, అవి బంగాళాఖాతం దాటి, తెలుగు నేల మీదుగా పోయి, అరేబియా సముద్రాన్ని ఎక్కడా వాలకుండా దాటాయి. పావుకిలో తూగని పిట్ట! దారిలో తిండి తూనీగలే అని చాలామంది నమ్ముతారు. దిగని అతిథికి కూడా అన్నం పంపే చెరువు మనది.

నిజమైన దీవుల సంగతి వేరు. నూట ఎనభై ఏళ్లకు పైగా కిందట కోరంగి రేవులో ఓడెక్కి మారిషస్ చెరకుతోటలకు పోయిన తెలుగు కూలీల మనవలు ఈనాటికీ అక్కడ ఉగాది చేసుకుంటారు. వాళ్లు దిగేనాటికే ఆ దీవి డోడోను పోగొట్టుకుని రెండు శతాబ్దాలు కావస్తోంది. 1974లో అక్కడి డేగ లోకం మొత్తానికి నాలుగే నాలుగు మిగిలాయి. గూళ్లు కాచి, గుడ్లు పొదిగించి, వందల్లోకి తెచ్చారు. అండమాన్ సముద్రంలో నార్కొండం అనే దీవి ఏడు చదరపు కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది, దాని హార్న్‌బిల్ భూమ్మీద ఇంకెక్కడా లేదు. దీవి పక్షికి పోవడానికి వేరే చోటు లేదు, కాబట్టి అది పోతే లోకం గమనిస్తుంది, లెక్క తీస్తుంది, శోకిస్తుంది. మన నీటి లంకల పక్షికి పక్క చెరువు ఉంది, పక్క జిల్లా ఉంది. ఈ ఏడు వాలని బాతు ఇంకెక్కడో వాలి ఉంటుందిలే అనుకుంటాం. ఆ ఇంకెక్కడోలో కూడా అదే మాట అనుకుంటారు. అరుదైపోవడం ఇక్కడ ఇంత సాఫీగా జరుగుతుంది.

భూపాలపల్లి దగ్గర ఈ చిన్న నీళ్ల లెక్కలన్నీ ఒక్కసారి పెద్దవవుతాయి. కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. ఎండాకాలం నది మధ్య ఇసుక లంకలు తేలితే నల్లటోపీ, పసుపుముక్కు ఉన్న రివర్ టెర్న్ ఆ మండే ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. గూడు లేదు, నీడ లేదు. పొట్ట తడిపి తెచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. బ్యారేజీ నిండితే ఆ లంక మునుగుతుంది. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగి నీళ్లు వదిలేశాక ఇసుక మళ్లీ బయటపడింది. మనుషులకు అదొక పెద్ద నష్టం, దాని మీద విచారణలు జరిగాయి. టెర్న్‌కు ఒడ్డు దక్కింది. రెండూ నిజాలే, ఒకదానితో ఒకటి కలవవు.

అడవికోళ్లకూ ఈ నది గట్టు లెక్క. మన ఇంటి కోడికి మూలపురుషుడైన ఎర్ర అడవికోడి రాజ్యం ఉత్తరం నుంచి వచ్చి గోదావరి దగ్గర ఆగుతుంది. దక్షిణాన బూడిదరంగు కోడిది ఏలుబడి. పై ఎత్తున అప్పుడప్పుడు రాబందు. ఎగువన ప్రాణహిత తీరంలో, బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందుల గూళ్లు 2013లో అటవీశాఖ కంటబడ్డాయి. పశువులకు వేసే డైక్లోఫెనాక్ సూదిమందు కళేబరాల ద్వారా దేశంలోని రాబందుల్ని నూటికి తొంభైకి పైగా తుడిచిపెట్టింది. 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించారు. ఆ గుట్ట నుంచి ఈ సంగమం దాకా గాలి ఎక్కిన రాబందుకు దూరమే కాదు.

చివరి దండం కలివికోడికి. 1848లో టి. సి. జెర్డన్ అనే డాక్టర్ లోకానికి చూపించిన పిట్ట. లావుపాటి కళ్లు, గొంతు మీద ఎర్రమచ్చ, రొమ్ము మీద రెండు తెల్లని పట్టీలు, పగలంతా పొదలో నక్కి రాత్రి పరుగెత్తే అలవాటు. భూగర్భ శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డ్ గోదావరి లోయలో రాతిపొరలు పరిశీలిస్తూ తిరిగిన కాలంలో దీన్ని రెండు చోట్ల చూశాడు: భద్రాచలం దగ్గర, సిరొంచ దగ్గర. సిరొంచ అంటే కాళేశ్వరానికి ఎదురుగట్టు. ఆ తర్వాత అనంతపురంలో ఒకటి కనిపించింది, అటుపైన పూర్తిగా మాయం. ఇక లేదని రాసేసిన పిట్ట 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఒక వేటగాడి టార్చిలైటుకు చిక్కింది. దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది, తెలుగుగంగ కాలువ దారే మార్చాల్సి వచ్చింది. మళ్లీ ఏళ్లపాటు జాడ లేదు. 2025లో కడప జిల్లాలోనే ఒక రాత్రి దాని కూతను పక్షి ప్రేమికులు రికార్డు చేశారు.

వెతికిన కళ్లు ఎక్కువగా కడప వైపే వెతికాయి. కలివికోడీ, నీకు కావాల్సింది మరీ చిక్కని అడవి కాదు, మరీ బోడి నేలా కాదు. పొదకూ పొదకూ నడుమ పరుగెత్తేంత ఖాళీ, మేకలు మేసి వదిలిన ముళ్లకంప, రాళ్లు కలిసిన నేల. ఇక్కడ భూపాలపల్లి జిల్లాలో, మహదేవపూర్ వైపు అలాంటి చిట్టడవి ఇంకా ఉంది. కడపలో నీ కోసం దారుల మీద మెత్తటి మట్టి పరిచి పాదముద్రలు వెతికారు, కెమెరాలు బిగించారు. ఆ పని ఇక్కడ చేయడానికి అంతకంటే ఎక్కువ సరంజామా అక్కర్లేదు. పొద్దు గుంకిన ముప్పావు గంటకు నువ్వు గొంతు విప్పుతావట, రెండక్షరాల కూత, గబగబా కొన్నిసార్లు, అంతే. పలిమెల దారిలో మేకలు తోలుకొచ్చే పిల్లలారా, మీ జేబుల్లో ఫోన్లు ఉన్నాయి, వాటిలో రికార్డరు ఉంటుంది. ఆ వేళకు పాటలు ఆపి, ఎర్రగుండీ నొక్కి పెట్టండి.